తెర మీద టైలరమ్మ

ఈ సంగతి నాకు మొదట చెప్పింది సోషల్ వర్క్ కాలేజీలో గదులు ఊడ్చే మా వదిన. ఆవిడ ఒకటి విని రెండు చెప్పే మనిషి కాదు.

ఆ కాలేజీ పిల్లలు నిజం గడపలు ఎక్కేముందు కంప్యూటర్లోనే ఇళ్ళు చూసి నేర్చుకుంటారు. తెర మీద తలుపు కొడితే ఇంటావిడ తీస్తుంది. కింద మూడు ప్రశ్నలుంటాయి. ఒకటి నొక్కితే జవాబు చెబుతుంది. ఆ ఇల్లూ ఆ ముఖమూ మా వీధిలో బట్టలు కుట్టే టైలరమ్మవి. పాపని ఇంట్లో పెట్టి తాళం వేసి పోయిన "బాధ్యత లేని తల్లి" పాఠం అది. పాఠం తయారుచేసింది ఆమె సొంత చెల్లెలు, అక్కడి మేడమ్. "ముఖం నువ్వియ్యక్కా, మాటలు నేను చూసుకుంటా" అంది.

టైలరమ్మకి జలుబు చేస్తే తెర మీదావిడా తుమ్మేది. పన్ను సలిపిన రోజున చెంప పట్టుకుని కూర్చుంటే, పిల్లలు "పాపం, రేపు అడుగుదాంలే" అని కంప్యూటర్లు కట్టేసి పోయేవారు.

అలా నేర్చుకున్న పిల్ల ఒకతె పిల్లల సంరక్షణ ఆఫీసులో చేరింది. బట్టలు కుట్టించుకోడానికొచ్చి ముఖం గుర్తుపట్టింది.

"పాపని లోపల పెట్టి తాళం వేసి తిరగడానికెళ్ళింది మీరే కదూ?"

టైలరమ్మ చేతిలో కత్తెర ఆగిపోయింది. తాళం పడ్డ మాట నిజమే. వేసింది చెల్లెలు. అక్క జ్వరంతో ఆసుపత్రిలో పడుంటే, పాపని చూస్తానని మాటిచ్చి, తాళం వేసి సినిమాకి పోయింది. అక్క అప్పుడు కడుపులో పెట్టుకుని ఊరుకుంది.

పాపని హాస్టల్లో వెయ్యాలని ఆఫీసువాళ్ళన్నారు. టైలరమ్మ చెల్లెలింటికి పరిగెత్తింది.

"నిజం చెప్పవే! నా పిల్లని పట్టుకుపోతారట."

"అది పాఠమక్కా! నా పేరు బయటికొస్తే ఉద్యోగం ఉంటుందా?"

"నీ ఉద్యోగానికి నాకు కడుపుకోతా? తోడబుట్టినదానివని ఇంట్లోకి రానిస్తే కొంపకే నిప్పు పెట్టావు కదే!"

"మెల్లిగా, పక్కవాళ్ళు వింటారు."

మర్నాడు ఆఫీసు పిల్ల, పాపని తీసుకెళ్ళేముందు ఒక్కసారి చూసుకుందామని కాలేజీకొచ్చి పాఠం తెరిచింది. వెనక మేడమ్ నిలబడింది. ఏ ప్రశ్న నొక్కినా తెర మీదావిడ జవాబివ్వదు, ఒకటే ఏడుపు. ఇంటి దగ్గర టైలరమ్మ ఏడుస్తోంది మరి. మూడు ప్రశ్నల్లోనూ తాళం ఎందుకు వేశావనే గాని, ఎవరు వేశారని లేదు. ఆ పిల్లకి మనసాగక నోటితోనే అడిగేసింది.

"ఊరుకోమ్మా. ఇంతకీ తాళం వేసిందెవరు?"

తెర మీదావిడ అరచేత్తో కళ్ళు తుడుచుకుంది. వేలెత్తి, ఆ పిల్ల భుజం మీదుగా వెనక్కి చూపించింది. పిల్ల తిరిగి చూసింది. మేడమ్ ముఖంలో నెత్తురుచుక్క లేదు.

పాప తల్లి దగ్గరే ఉంది. అక్క ఆ చెల్లెలి గడప మళ్ళీ తొక్కలేదు. తొక్కకూడదు కూడా. కాని పాఠం మార్చలేదట. కొత్తగా చేరే పిల్లలకి ఇప్పటికీ "బాధ్యత లేని తల్లి" అనే చూపిస్తున్నారట. చదువుకున్నవాళ్ళెవరైనా వెళ్ళి ఆ మాట కొట్టేయించండి.