మరో అనుచరుడు

ఆంజనేయస్వామి ఎడమ చెంప మీద నీళ్ళు చల్లి బాలస్వామి మళ్ళీ సానరాయి అందుకున్నాడు. ఉలి పని ఎప్పుడో అయిపోయింది. కండ్లు, మూతి తీర్చిన శిల్పి ఇంకో రాతి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది రుద్దడమే. ఆళ్ళగడ్డలో బాలస్వామి బతుకంతా అదే పని. ఒకరు చెక్కిన రాతిని నల్లగా నిగనిగలాడేదాకా రుద్దుతాడు. అరచేతుల్లో గీతలు అరిగిపోయాయి. కనురెప్పల మీద, చెవుల వెనక, గోళ్ళ సందుల్లో బూడిదరంగు పొడి. ఎంత రుద్ది స్నానం చేసినా అది పోదు. బక్కపలచని మనిషే కానీ నోరు తెరిస్తే గొంతు వీధి చివరికి వినపడుతుంది, మధ్యలో దగ్గు అడ్డం పడితే తప్ప.

ఆ రోజు శుక్రవారం కాబట్టి చేయి తొందరపడుతోంది. నంద్యాలలో కొత్త సినిమా పడిందంటే మ్యాట్నీకి అతను అక్కడ ఉండాల్సిందే. అదే బొమ్మ ఆళ్ళగడ్డకు వచ్చేసరికి నెల దాటుతుంది. అంతవరకు ఆగితే ఊళ్ళో ప్రతివాడూ తనకంటే ముందే తీర్పు చెప్పేస్తాడు. అది బాలస్వామికి ఓర్చుకోరాని సంగతి.

ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కునేసరికి రంగమ్మ జొన్నరొట్టె, రోట్లో నూరిన పచ్చిమిరపకాయల ఊరిమిండి పెట్టింది.

"ఈ పొద్దు ఏం సినిమా?"

"మన పక్క కథంట."

రంగమ్మ చేయి ఆగింది. "మన పక్క కథ మనకి తెల్దా? ఆడికి పోయి చూడల్నా?"

"మనకి తెల్సు. తీసినోళ్ళకి తెల్సునో ల్యాదో చూడల్ల గదా."

రంగమ్మ సినిమాహాలు గడప తొక్కి తొమ్మిదేండ్లయింది. ఎందుకు మానేసిందో అతను అడగలేదు. అతను ఎందుకు మానలేదో ఆమె అడగలేదు.

బస్సులో నూర్ బాషా కలిశాడు. పరుపులు కుట్టేవాడు. తల నిండా దూది. ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే పిచ్చి. నూర్ బాషాకు అన్ని సినిమాలూ నచ్చుతాయి, బాలస్వామికి ఏదీ నచ్చదు. అందుకే వాళ్ళ స్నేహం ఇన్నేండ్లు నిలిచింది.

బస్సు బత్తలూరు దాటకముందే బాలస్వామి మొదలుపెట్టాడు.

"పోయిన వారం ఆ ప్రేమకథ చూస్తిమే. ఆ పిల్లోడు ఒక్కసారన్నా పుస్తకం తెరిసినాడా? పాటొస్తానే మంచుకొండ ఎక్కె. వీడేమో మెడ దాకా కోటు తొడుక్కున్యాడు. ఆ యమ్మికి పల్చని చీర! చలి ఆ యమ్మికి పెట్టదా? ఒక్కడన్నా దుప్పటి ఇచ్చినాడా?"

"పాట బాగుండె గదన్నా."

"పాటని నేనేమన్నా అంటినా? దుప్పటి సంగతి అడుగుతాండా." దగ్గు వచ్చింది. తగ్గేదాకా ఆగి మళ్ళీ అందుకున్నాడు. "అంతకుముందు అమ్మవారి సినిమా. పూజారి పోయి పాదాల మింద పడితే విగ్రహం ఊగె. రాయి ఊగుతాదాప్పా? లోపలంతా అట్ట. ఈడ మేము రుద్ది రుద్ది సస్తాంటే వాళ్ళు అట్టకి రంగేసి దండాలు పెట్టిచ్చుకుంటాండారు!"

ముందు సీటు ఆయన వెనక్కి తిరిగి నవ్వాడు. దాంతో బాలస్వామికి ఊపు వచ్చింది.

"నవ్వులాటగా ఉండాదా నీకు? నవ్వించే సినిమా సంగతి గూడ ఇను. అండ్ల పెండ్లికొడుక్కి సక్కని కోస్తా మాట పెడతారు. మన మాట ఎవునికి? తాగుబోతోనికి, ల్యాకుంటే కొడవలి పట్టుకున్యోనికి. మన మాటతో ఎవడూ ఒక ఆడపిల్లని ప్రేమించగూడదా? నేను రంగమ్మతో కోస్తా మాట మాట్లాడి సంసారం చేస్తినా?"

నూర్ బాషా పగలబడి నవ్వాడు. "మరి ఆ దయ్యం సినిమానన్నా ఒప్పుకో. నాకైతే దడుపు జొరం వచ్చె."

"ఏం దయ్యమది! అన్యాయంగా సంపినారంట, లేసొచ్చి పగ తీర్సుకుంటాదంట. అన్యాయంగా సచ్చినోళ్ళందరూ లేసొస్తే ఈ రోడ్డు మింద బస్సు కదుల్తాదా?"

ఆ మాటకు నూర్ బాషా నవ్వలేదు. కిటికీలోంచి శిరివెళ్ళ దిక్కు చూశాడు. రోడ్డు పక్క నల్లరేగడి చేలు ఎండకు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. చివరికి బాలస్వామే తేల్చాడు:

"ఈ మధ్య వచ్చిన వాటిల్లో ఆ డబ్బింగ్ పాము సినిమా ఒకటే మేలు. దానికి ఆకలైంది, మనిషిని మింగె. గొప్ప మాటలేమీ చెప్పకపాయె."

హాలు కిక్కిరిసిపోయింది. తెర మీద 'ఆళ్ళగడ్డ' అని బోర్డు పడగానే ఈలలు. బోర్డు వెనక బారులు తీరిన కొబ్బరిచెట్లు, పక్కన నిండుగా పారే పెద్ద కాలువ, దాంట్లో పడవ.

"మన ఊర్లో పడవ యాడుందప్పా?" అన్నాడు బాలస్వామి, పదిమందికి వినపడేట్టు. కొందరు నవ్వారు.

చాలాసేపు అతను ఆ పడవ మీదే కోపం తీర్చుకున్నాడు. ఇంతలో తెల్లచొక్కాల మనుషులతో ఒక జీపు మలుపు తిరిగింది. కంపచెట్ల వెనక నుంచి బాంబులు వచ్చి పడ్డాయి. జీపు గాలిలోకి లేచి, పల్టీ కొట్టి, మండింది. ఒక ఆకారం పొగలోంచి ఎగిరి పడింది. ముఖం కనపడలేదు. వెంటనే హీరో కాలు, ఆ వెనక హీరో చెప్పు, ఆ పైన హీరో మీసం. హాలంతా లేచి ఈల వేసింది. కాగితం ముక్కలు గాలిలోకి ఎగిరాయి.

బాలస్వామి కూడా లేచాడు.

"ఆ జీపులో ఎవురుండారప్పా?"

ఎవరికీ వినపడలేదు. ఈలలు సద్దుమణిగాక మళ్ళీ అరిచాడు. "అడుగుతాండా గదా! ఆ జీపులో ఎవురుండారు? చూపియ్యకనే పోతాండారే!"

"కూర్సో పెద్దాయనా!" "సినిమా చూడనీ!" నాలుగు వైపుల నుంచి కసుర్లు. నూర్ బాషా చేయి పట్టి లాగాడు. బాలస్వామి కూర్చోలేదు. తెరకు అడ్డంగా సన్నని నీడ, చేయి ఎత్తి, జీపు మండిన చోటును చూపిస్తూ. అప్పటికి తెర మీద పాట మొదలైంది. హీరోయిన్ నడుము మీద అతని వేలి నీడ పడింది. హాలు గొల్లుమంది.

టార్చిలైటు వేసుకుని గేటు మనిషి రాజరత్నం వచ్చాడు. పోట్లాటకు సిద్ధపడే వచ్చాడు కానీ, ముసలి ముఖం మీద వెలుగు వేసి చూసి, టార్చి కిందికి దించాడు. "దా పెద్దాయనా, బయటికి పోదాం," అన్నాడు.

సినిమా మధ్యలో బయటికి రావడం బాలస్వామి జీవితంలో అదే మొదటిసారి. ఎంత చెత్త సినిమా అయినా చివరిదాకా చూసి తిట్టడం అతని పద్ధతి. వరండా మెట్ల మీద కూలబడి చాలాసేపు దగ్గాడు. నూర్ బాషా నీళ్ళు తెచ్చాడు.

"అయ్యిందేందో అయ్యింది. ఎవురుండ్రి నీకు ఆ జీపులో?" అని అడిగాడు రాజరత్నం.

"మా తమ్ముడు."

నూర్ బాషా తల దించుకున్నాడు. అతనికి తెలుసు. ఊరంతటికీ తెలుసు. తెలుసు కాబట్టే ఎవరూ ఆ ఊసెత్తరు. తొమ్మిదేండ్ల కిందట నంద్యాలలో సినిమా చూసి, ఆఖరి బస్సు తప్పిపోయి, రోడ్డు మీద చేయి ఊపి జీపు ఎక్కాడు ఆ తమ్ముడు. జీపు ఎవరిదో, ఎవరి మీద ఎవరికి పగో అతనికి పట్టలేదు. ఇల్లు చేరితే చాలనుకున్నాడు. మరుసటి రోజు పేపర్లో, బాంబులకు చచ్చిపోయిన నలుగురి పేర్లు వేసి, అయిదో చోట 'మరో అనుచరుడు' అని రాశారు.

"అనుచరుడంట!" బాలస్వామి గొంతు మళ్ళీ లేచింది. "ఎవునికప్పా అనుచరుడు? నా మాటే ఇనేటోడు కాదు, ఇంగొకని ఎనక పోతాడా? పేపరాఫీసుకి పోయి సెప్తి. మార్చి ఏస్తామనిరి. ఏసల్యా. అప్పట్నుంచీ ప్రతి సినిమాలో అదే జీపు. అదే మంట. ఒక్కడు, ఒక్క డైరెక్టరు, ఆ బండి ఆపి లోపలికి తొంగి చూస్తాడేమో అని చూస్తాండా. ఈలలేస్తారే గాని, వాడెవుడని అడిగేటోడు ల్యాడే!"

"పేరేంది?" అన్నాడు రాజరత్నం.

బాలస్వామి తలెత్తాడు. ఇన్నేండ్లలో బయటివాళ్ళెవరూ తనను ఆ మాట అడగలేదని అప్పుడే తెలిసినట్టు అతని వైపు చూశాడు.

"మద్దిలేటి."

"ఏం చేస్తాండె?"

"ఏం చేస్తాడు! సైకిళ్ళకి పంచర్లు ఏస్తాండె. అదీ మనసు పుడితేనే. నవ్వు సినిమాలంటే పడి సస్తాండె. హాస్యగాడు నోరు తెరవకముందే నవ్వుతాండె వాడు. వాని నవ్వు ఇని హాలంతా నవ్వేది. వాడు నవ్వింది దేనికో ఎవురికీ తెల్దు. మా రంగమ్మ కొంగు నోట్లో కుక్కుకుంటాండె. ఆమె పెండ్లయి వచ్చినప్పుడు వాడింకా నిక్కర్లేసుకుంటాండె, బిడ్డ మాదిరి సాకె..." చెబుతూ చెబుతూ బాలస్వామి నవ్వసాగాడు. నవ్వు, దగ్గు కలిసిపోయాయి. నూర్ బాషా కూడా మద్దిలేటి తనను ఏప్రిల్ ఒకటో తేదీన ఎట్లా బకరా చేశాడో చెప్పాడు. రాజరత్నం గేటుకు జారగిలి వింటూనే ఉన్నాడు. లోపల ఇంటర్వెల్ గంట కొట్టారు. అతను గేటు తీయడానికి వెళ్తూ, వెనక్కి తిరిగి, "మద్దిలేటి," అని ఒకసారి తనలో తాను అనుకున్నాడు.

పొద్దు వాలుతుండగా ఇద్దరూ బస్టాండుకు వచ్చారు. ఆళ్ళగడ్డ బస్సు ఆగీ ఆగకముందే జనం తలుపు మీద పడ్డారు. బాలస్వామి భుజం మీది ఎర్రగళ్ళ టువ్వాల తీసి కిటికీలోంచి ఒక సీటు మీదికి విసిరాడు.

"రెండు సీట్లు పట్టినా. నువ్వు పోయి మీ వదినకి మల్లెపూలు తీసుకురా."

"పూలా?" నూర్ బాషా ఆశ్చర్యపోయాడు.

"వచ్చే శుక్రవారం నవ్వేది ఏదన్నా పడితే ఆమెని గూడ పిల్సుకొస్తా. ఇంట్లో కూర్సొని ఎన్నాళ్ళుంటాదిలే." మెట్లు ఎక్కుతూ మళ్ళీ తిరిగాడు. "ఆ పడవ సంగతి మాత్రం నేను ఇడిసిపెట్టను."

కిటికీ పక్కన కూర్చుని, టువ్వాలను నూర్ బాషా సీటు మీద పరిచాడు. గాలి కోసం చొక్కా గుండీ ఒకటి విప్పుకున్నాడు. నల్లమల మీద ఎండ ఎర్రబడుతోంది. తల కిటికీ కమ్మీకి ఆనించాడు.

నూర్ బాషా పూలపొట్లంతో వచ్చి, "అన్నా, కొంచెం జరుగు," అన్నాడు. జరగలేదు. భుజం తట్టాడు. చేయి పట్టుకున్నాడు, నాడి అందలేదు. ఆ తర్వాత అతను వేసిన కేకకు బస్సంతా లేచి నిలబడింది. కండక్టరు, ఇంకో ఇద్దరు కలిసి బాలస్వామిని కిందికి దించారు. పెద్ద బరువేమీ లేదు. ఎవరో ఆటో కోసం పరుగెత్తారు. ప్లాట్‌ఫారం మీద నూర్ బాషా ఒళ్ళో ఉన్న ఆ ముఖంలో కోపం మాత్రం ఎక్కడా లేదు.

బస్సు ఆలస్యంగా కదిలింది. కడ్డీలకు వేలాడుతూ మనుషులు నిలబడే ఉన్నారు. శిరివెళ్ళలో ఎక్కిన ఒకాయన, "ఈడ ఎవురన్నా ఉండారా?" అని అడిగాడు. నిలబడినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ కూర్చోలేదు. సీటు మీద పరిచిన ఎర్రగళ్ళ టువ్వాల, గుంటలు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెం జారుతూ, ఆళ్ళగడ్డ దాకా వెళ్ళింది.