ఉప్పు లేని ఇల్లు

అక్క పుష్పవతి గుండె బలహీనపడిందనీ, ఉప్పు బాగా తగ్గించాలనీ డాక్టరు చెప్పిన రోజే జగదీశ్వరరావు ఇంట్లోని ఉప్పు డబ్బాని పక్కింటి రాజులమ్మకి ఇచ్చేశాడు. ఆవకాయ జాడీ కూడా దాని వెనకే వెళ్ళింది. భార్య పోయాక వంట నేర్చుకున్న మనిషి. అక్క ఎదురుగా చప్పిడి మెతుకులు మింగుతుంటే తాను పచ్చడి నంజుకోవడం న్యాయం కాదనిపించి, తానూ చప్పిడే తిన్నాడు. కొన్నాళ్ళకి నాలుక అలవాటుపడింది. బీరకాయలో అంత తీపి ఉంటుందని ఈ వయసులో తెలిసింది.

పుష్పవతికి మాత్రం ఆ కూడు గొంతు దిగేది కాదు. గోడ సున్నం గీకి పెట్టినట్టుందని కంచం పక్కకి తోసేది. అందుకని పొద్దున్న బ్రెడ్డు, నాలుగింటికి బిస్కెట్లు, సాయంత్రం వేణ్ణీళ్ళలో కలిపే సూపు పొడి. నర్సీపట్నంలో రోగిని చూడ్డానికి వచ్చేవాళ్ళెవరూ బస్టాండు దగ్గర బ్రెడ్డో బిస్కెట్లో కొనకుండా రారు. కృష్ణదేవిపేట నుంచి బంధువులొచ్చారంటే పొట్లాలు అలమరలో పట్టేవి కావు. అతను కొనే సూపు పొట్లం మీద ఎర్రటి టమాటా, దాని పక్కన చిన్న గుండె బొమ్మ. డిగ్రీ చదివినవాడే, అయినా ముందువైపు చదివి ఊరుకున్నాడు. వాటిలో ఒక్క ముక్క నోట్లో వేసుకోలేదు. రోగికని తెచ్చినవి ఆరోగ్యంగా ఉన్నవాడు తింటాడా?

ఒక ఉదయం ఆమె పాదాలు పొంగి చెప్పుల్లో పట్టలేదు. పడుకుంటే ఊపిరాడటం లేదంది. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు శ్రీదుర్గ ఒంట్లో నీరు చేరిందని చెప్పి, ఉప్పు మానలేదా అని అడిగారు. ఇంట్లో ఉప్పు గల్లే లేదన్నాడు. పెద్దవాళ్ళు ఎక్కడో దాచుకున్న పచ్చడి నాకుతుంటారనీ, మళ్ళీ ఇలా నీరు చేరితే గుండె తట్టుకోదనీ ఆవిడ మెల్లగా చెప్పి వెళ్ళిపోయారు.

జగదీశ్వరరావు అక్క వైపు తిరిగాడు.

"అప్పా, నిజం చెప్పు. రాజులమ్మని ఆవకాయ అడిగావా?"

ఆమె ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగింది. "ఈ వయసులో పచ్చడి దొంగతనానికి పోతానేటిరా? ఎల్లి ఆ సూపేదో బేగి తే. అదొక్కటే దిగుతాది."

నమ్మీ నమ్మక ఇంటికొచ్చి సూపు కాచాడు. ఫ్లాస్కు నిండగా గిన్నెలో కాస్త మిగిలింది. పారబొయ్యడానికి మనసొప్పక నోట్లో పోసుకున్నాడు.

మింగలేకపోయాడు. వారాల తరబడి ఉప్పెరగని నాలుక మీద సముద్రం పడ్డట్టయింది. పొడి పాడైందేమోనని కొత్త పొట్లం విప్పి వేలితో అద్దుకున్నాడు. ఉప్పే. టమాటా ఎక్కడో వెనకాల ఉంది. బ్రెడ్డు ముక్క తుంచి నమిలాడు. తియ్యగా ఉంటుందనుకున్నది నమిలేకొద్దీ ఉప్పు. బిస్కెట్టులో పంచదార కిందా అదే. పొట్లం వెనక్కి తిప్పితే చీమ తలంత అక్షరాల్లో సోడియం లెక్క.

వంటింటి గట్టుకి చేరబడిపోయాడు. ఉప్పు గల్లు లేకుండా చేశాననుకున్న ఇంట్లో అలమర నిండా ఉప్పే పేర్చాడు. రోజూ తన చేత్తో, ఊది చల్లార్చి మరీ తాగించాడు.

ఫ్లాస్కు అక్కడే వదిలేసి పొట్లాలు పట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాడు. డాక్టరు వాటిని తిప్పి వెనకవైపు చదివారు. అందరినీ పచ్చళ్ళ గురించే అడుగుతామనీ, ఇవి అడగాలని తనకీ తట్టలేదనీ అన్నారు. ఇప్పటికైనా తెలిసింది కనక మందులతో నీరు తీసేస్తే మళ్ళీ చేరదు, ఈసారికి గుండె నిలుస్తుంది అన్నారు. ఆ ఒక్క మాటకి మనసులోనే దణ్ణం పెట్టుకుని వార్డులోకి నడిచాడు. దాదాపు ప్రతి మంచం పక్కనా బ్రెడ్డు పొట్లం ఉంది. ఒకావిడ భర్తకి బిస్కెట్టు పాలలో ముంచి పెడుతోంది.

అక్క పక్కన కూర్చున్నాడు. "నీకు ఉప్పు పెట్టింది నేనేనప్పా" అని మొదలుపెట్టి అంతా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు.

"తెలీక పెట్టినావు, అది సరేరా. మరి నన్నెందుకు దొంగని సేసినావు?"

అతను ఆమె పాదం మీద చెయ్యి వేశాడు. బొటనవేలు ఆనినచోట గుంట పడి అలాగే ఉండిపోయింది. గబుక్కున చెయ్యి తీసేసి, అది పూడేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఆమె పాదం వెనక్కి తీసుకోలేదు.