ఎర్ర చీటీకి రెండు గంటలు

మా మామగారు ఏ పానా చేతికిచ్చినా ముందు దాని మీది ముద్ర చదువుతారు. ఆ తర్వాతే నట్టు వైపు చూస్తారు. ఫారిన్ కంపెనీ ముద్ర ఉంటే కళ్ళకద్దుకోవడం ఒక్కటే తక్కువ. మన ఊరి ముద్ర కనిపిస్తే ఆముదం తాగినట్టు మొహం పెడతారు. ముప్పై ఏళ్ళుగా లారీలు బాగుచేస్తున్న మనిషి కాబట్టి ఎవరూ ఎదురు చెప్పరు. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఆ మన ఊరి పానాలు తయారయ్యే కార్ఖానాలో కొలిమి చూసేది నేనే మరి.

ఫారిన్ ముద్రవి కూడా అక్కడే తయారవుతాయని ఎన్నిసార్లు చెప్పినా ఆయన నమ్మరు. అదే ఉక్కు, అదే అచ్చు, అదే నేను. తేడా అంతా చీటీలో ఉంది. పానాలను ఎర్రగా కాల్చి నూనెలో ముంచాక అవి గాజులా పెళుసుగా ఉంటాయి. మళ్ళీ తక్కువ వేడిలో ఉంచితేనే దెబ్బకు ఆగుతాయి. ఓడెక్కే ట్రేలకు ఎర్ర చీటీ, రెండు గంటలు. మన బజారుకు వెళ్ళేవాటికి ఆకుపచ్చ చీటీ, ఒక గంట. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఓ గురువారం పొద్దున్నే మామగారు, "మీ కార్ఖానా పానాతో వీపు గోక్కోవచ్చమ్మా, అంతకుమించి పనికిరాదు" అన్నారు. ఆ రోజంతా కొలిమి ముందు నిలబడి, ఆయనకేం సమాధానం చెప్పాలా అని మనసులో కూర్చుకుంటూనే ఉన్నాను. మంచివి నాలుగు దొరికాయి. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి.

సాయంత్రం ఫోర్‌మన్‌ను అడిగి, పైన గీతపడ్డ పానాలు రెండు ఇంటికి తెచ్చాను. ఫారిన్ ముద్రది మామగారికి, ఆయన నోరు మూయించడానికి. మన ఊరిది మా ఆయనకు. మా ఆయన ఏదిస్తే దానితో సర్దుకుపోతారు. నన్ను చేసుకోవడమే అందుకు సాక్ష్యమని మామగారి వాదన.

మర్నాడు ఇంటి ముందు షెడ్డులో ఓ లారీ చక్రం నట్టు మొండికేసింది. మామగారు కొత్త పానా తగిలించి, దాని తోకకు పైపు తొడిగి, ఊపిరి బిగపట్టారు.

"చూడరా, సరుకంటే ఇదీ..."

పానా టప్పున విరిగింది. ఆయన వెళ్ళి గ్రీజు డబ్బాలో కూలబడ్డారు. మా ఆయన నవ్వు ఆపుకుంటూ తన పానా పెట్టి ఒక్క గుంజు గుంజారు. నట్టు కిర్రుమంటూ తిరిగింది.

నాకూ నవ్వొచ్చింది, విరిగిన ముక్క చేతిలోకి తీసుకునేదాకా. విరిగినచోట పంచదార పలుకుల్లా మెరుస్తోంది. గంటకే బయటికి తీసిన ఉక్కు అలా ఉంటుంది. గురువారం నేను చీటీలు తారుమారు చేశాను.

"మామయ్యా, తప్పు నాది" అని జరిగిందంతా చెప్పేశాను. "ఇలాంటివి ఎనిమిది పెట్టెలున్నాయి. మధ్యాహ్నం లారీ ఎక్కేస్తాయి. చెబితే నా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఎవరి చెయ్యో పోతుంది."

ఆయన గ్రీజు తుడుచుకోవడం ఆపారు.

"ఆగాగు. వాళ్ళకి రెండు గంటలు, మాకు ఒకటా?"

"అవును మామయ్యా."

ఆయన తన వేళ్ళ కణుపులు చూసుకున్నారు. పానాలు విరిగినప్పుడల్లా చిట్లిన చోట్లు, ముప్పై ఏళ్ళ మచ్చలు.

"మరి మా గంట ఎవరు మింగేశారమ్మా?"

నాకు సిగ్గేసింది. ఏడేళ్ళుగా ఆ ఆకుపచ్చ చీటీలు గుచ్చుతున్నది నా చేతులే.

వెనకాల గ్రీజు మరకతోనే ఆయన స్కూటర్ తీశారు. "ఎక్కు. నీ తప్పు నువ్వు చెప్పు, మా గంట సంగతి నేనడుగుతా" అన్నారు.

విరిగిన ముక్క చూడగానే ఫోర్‌మన్ మొహం మాడిపోయింది. లారీని ఆపించాడు, నన్ను దులిపేశాడు. "ఆ పెట్టెలన్నీ విప్పి ఇంకో గంట పెట్టు. తర్వాత నీ సంగతి చూస్తా" అన్నాడు. మామగారు తన రెండు చేతులూ అతని బల్ల మీద పరిచి అడిగారు. ఫోర్‌మన్ నసిగాడు.

"వాళ్ళు విరిగినవి వెనక్కి పంపుతారండీ. మనవాళ్ళెవరూ పంపరు."

"అంతేనా?"

"అంతేనండీ."

సోమవారం మామగారు ఊళ్ళోని షెడ్లన్నీ తిరిగి, రెండు గోనెసంచుల విరిగిన పానాలు పోగేసి, కార్ఖానా గేటు ముందు గుమ్మరించారు. "వెనక్కి వచ్చాయని రాసుకోండి" అన్నారు. తర్వాతి సోమవారం మళ్ళీ వెళ్ళారు, ఈసారి ఆరుగురు మెకానిక్కులతో. మూడో సోమవారానికి విరిగిన పానాల గుట్ట అడ్డంపడి గేటు తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. ఆ వారమే కొత్త చీటీలొచ్చాయి. ఆకుపచ్చదాని మీద కూడా రెండు గంటలని రాసి ఉంది. అప్పటిదాకా నాతో పెట్టెలు మోయించిన ఫోర్‌మన్ నన్ను తిరిగి కొలిమి దగ్గరికి పంపాడు. "నిన్ను తీసేస్తే మీ మామగారు ఇంకేం తెచ్చి పోస్తారో" అని గొణిగాడు.

మామగారు ముద్ర చదవడం మానలేదు. నన్ను దెప్పడమూ మానలేదు. కానీ నిన్న ఓ డ్రైవరు ఆయన చేతిలోని పానా చూసి, "గట్టిగా ఉందే, ఎక్కడిదండీ?" అని అడిగాడు.

ఆయన ముద్ర వైపు చూడనైనా లేదు.

"మా కోడలు కాల్చింది" అన్నారు.

నేను తలుపు వెనకే ఉన్నాను. దాచిపెట్టుకున్న నాలుగు సమాధానాల్లో ఒక్కటీ గుర్తు రాలేదు.