రెండున్నర గంటల దూరం

ఢిల్లీకి పదకొండు వందల మైళ్ళని, విమానంలో రెండున్నర గంటల్లో దిగిపోవచ్చని చేనేత సొసైటీ సెక్రటరీ సుదర్శనం చెప్పినప్పుడు తిరుమలమ్మ మైళ్ళ సంగతి పట్టించుకోలేదు. రైల్లో అయితే రెండు రాత్రులు. ఎగ్జిబిషన్ శుక్రవారమే మొదలు, ఉత్తరమేమో ఆలస్యంగా వచ్చింది. అందుకే విమానం టికెట్టు ఇస్తున్నారట.

"ఏమీ లేదక్కా, తిరుత్తణిలో కరెంటు రైలెక్కి మద్రాసులో దిగినట్టే. అంతే టైము" అని ధైర్యం చెప్పినాడు సుదర్శనం.

ఆ మాటతో ఆమెకున్న ధైర్యం కాస్తా పోయింది.

కరెంటు రైల్లో కక్కసు ఉండదు. నాలుగో కాన్పు తర్వాత తిరుమలమ్మ గంటకు మించి ఆపుకోలేదు. పెళ్ళికైనా, ఆడి నెలలో పెరియపాళయం అమ్మవారి గుడికైనా, దారిలో దిగే చోటుందని తెలుసుకున్నాకే కాలు బయట పెడుతుంది. పెద్దకూతురు వనజాక్షికి తప్ప ఈ సంగతి ఎవరికీ తెలియదు. మగవాడైన సుదర్శనాన్ని ఏమని అడుగుతుంది?

అలాగని మానుకోనూ లేదు. ఢిల్లీలో నేసి చూపించాల్సిన చీర అంచు ఆమె చేతిది. భర్త పోయినాక రెండేళ్ళు మగ్గం మీద విప్పీ కట్టీ కుదుర్చుకున్నది. తను పోకపోతే మరిది దండపాణి పోతాడు. పోయి, ఆ అంచు తనదేనని చెప్పుకుంటాడు. వదినకు తల తిరిగితే దింపేదానికి మబ్బుల్లో స్టేషనుందా అని ఇప్పటికే వీధంతా నవ్విస్తున్నాడు. మంగళవారం సాయంత్రం లోపల, పోతానని సొసైటీలో సంతకం పెట్టాలి.

మంగళవారం పొద్దున కాఫీ కూడా తాగకుండా, ఇంట్లో తిరువళ్ళూరని చెప్పి, మద్రాసుకు టికెట్టు కొని రైలెక్కింది. చివరిదాకా ఉండగలిగితే సంతకం పెట్టేయాలనుకుంది.

అరక్కోణం దాటేదాకా బాగానే ఉంది. కడంబత్తూరు దగ్గర చీర కొంగు పిడికిట్లో బిగించింది. తిరువళ్ళూరు రాగానే దిగిపోయి, స్టేషను వెనక వీధిలో ఉన్న వనజాక్షి ఇంటికి పరుగులాంటి నడకతో చేరింది.

పెరట్లోంచి వచ్చినాక కూతురు చెంబుతో నీళ్ళిస్తే వద్దంది. దండపాణినే పొమ్మంటానని, ఎందుకో కూడా చెప్పింది.

తాలూకా ఆఫీసుకు బయల్దేరబోతున్న వనజాక్షి ఆగింది. "మా ఆఫీసరు పెండ్లాం బొంబాయికి పోయొచ్చిందమ్మా. విమానంలో ఉంటుందంట."

"ఏముంటుంది?"

"అదే. వెనకపక్క, తలుపేసుకునే మాదిరి."

"ఆకాశంలో పోయేదాంట్లో పెట్టినారా? మరి మన రైల్లో పెట్టేదానికి ఏమొచ్చింది?"

"రైల్లో పోయేది మనం కదమ్మా."

తిరుమలమ్మ చెంబు అందుకుని నీళ్ళన్నీ తాగేసింది. అందువల్లే తిరుగు ప్రయాణంలో అరక్కోణంలో దిగి, ఇంకో రైలు కోసం మధ్యాహ్నం దాటేదాకా కాచుకోవాల్సొచ్చింది.

సొసైటీకి చేరేసరికి అయిదు కావస్తోంది. సుదర్శనం ఎదురు కుర్చీలో దండపాణి కూర్చుని ఉన్నాడు. ఆమె నిలబడే సంతకం పెట్టింది.

"భయం తీరిందా వదినా? రైలు మాదిరేనని చెప్పలేదా ఆయన?" అన్నాడు దండపాణి.

"రైలు కంటే మేలంట అయ్యా" అని, ఢిల్లీకి తీసుకుపోవాల్సిన నూలు రంగులు ఒక్కొక్కటే సుదర్శనానికి చెప్పసాగింది.