రాణమ్మ భుజాన మైకు

మూడోసారి కూడా ఫోను మీటింగులో మా మాట వినపడకపోతే పొయ్యిలు వేరే ఊరి సంఘానికి వెళ్ళిపోతాయని, వాటిని ఇచ్చే రాజధాని అక్రా ఆఫీసు నుంచి కబురొచ్చింది. పొగగొట్టాలున్న పొయ్యిలు. మా సంఘంలో ఆడవాళ్ళం కర్రపెండలం తురిమి, నీరు పిండేసి, పెద్ద మూకుళ్ళలో వేయించి, గారీ చేసి అమ్ముతాం. వేయించే పాక నిండా పొగే. డాక్టరమ్మ నా కళ్ళు చూసి, "పొగ నువ్వు మానకపోతే చూపు నిన్ను మానేస్తుంది" అంది. మా ఆయన పోయాక, మనవరాళ్ళ వయసు పిల్లల పక్కన బల్ల మీద కూర్చుని నేర్చుకున్న అక్షరాలు నావి. ఇప్పుడిప్పుడే తడుముకోకుండా చదువుతున్నాను. వాటిని పొగకు ఇచ్చెయ్యడం నాకు ఇష్టం లేదు.

మొదటి మీటింగుకు ఫోను ఒక్కటే పెట్టి చుట్టూ కూర్చున్నాం. అక్రావాళ్ళకు తురుము మిషను చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. రెండోసారి చర్చి మైకు అరువు తెచ్చాం. మేం అడిగినదంతా లారీల అడ్డా దాకా ఊరందరికీ వినపడింది. ఫోనులోకి మాత్రం కీచుమనే కూత తప్ప ఏదీ పోలేదు. సంతలో టమాటాలమ్మే బిరాగో ఇప్పటికీ నన్ను చూస్తే, "పొయ్యిలు వచ్చాయా అక్కా? నాకైతే బాగానే వినపడింది మరి" అంటుంది.

సంఘం డబ్బాలో మిగిలింది ఒక్క చిన్న మైకుకే సరిపోయింది. వైరు ఫోనుకు గుచ్చి, బట్టకు తగిలించుకునే రకం. వేరుశనక్కాయంత ఉంటుంది. ఫోన్లు బాగుచేసే డాంక్వా, "నోటికి దగ్గరుంటేనే పనిచేస్తుందమ్మా. కాస్త దూరం జరిగితే చెవిటిదే" అన్నాడు. ఇంకోటి వెయ్యమని బేరమాడాను. "ఇది గారీ అయితే కొసరు వేసేవాణ్ణి" అన్నాడు.

ఒక్క మైకు అయినా చాలనుకున్నాను. ఎవరికి పెట్టాలో నాకు ముందే తెలుసు, పెద్దాయన ఒపానిన్ బాఫోకు. మా ఊరిని ఏలే రాణమ్మ, మేమంతా నానా అని పిలిచే పెద్దావిడ, సభలో గొంతెత్తదు. ఆవిడ మెల్లగా అన్నది విని, బాఫో దాన్ని నలుగురూ వినేలా, నలుగురూ మెచ్చేలా చెబుతాడు. ఆయన పని అదే. రాణమ్మ ఉన్న సభలో మేమెవ్వరం నేరుగా మాట్లాడకూడదు.

మా ఆడపడుచు పొకువా ఒప్పుకోలేదు.

"నానా కూర్చుని ఉండగా మైకు బాఫోకు పెడతావా వదినా?"

"మాట్లాడేది ఆయనే కదా."

"కొత్త పెండలం దుంప కూడా నానా తిన్నాకే మనం తింటున్నాం. ఈ గింజముక్క అంతకంటే గొప్పదా?"

మిగతావాళ్ళందరూ ఆమె వైపే. చివరికి బాఫోనే అడిగాను. ఆయన చేతికర్ర బంగారు పిడిని తుడుచుకుంటూ, "నా గొంతుకు మైకా? నేను లేచి నిలబడితే సంత ఆ చివర మేక కూడా నోరు మూస్తుంది" అన్నాడు.

సరే, మైకు నానాకే అనుకుని మూడో మీటింగుకు కూర్చున్నాం. రోలు బోర్లించి, దాని మీద ఫోను నిలబెట్టాం. పొకువా చెప్పులు విడిచి, వంగి వెళ్ళి, రాణమ్మ భుజం మీది బట్టకు మైకు తగిలించింది. బాఫో కర్ర పట్టుకుని నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు.

ఫోనులో అక్రా ఆఫీసు అంపెంగారు కనిపించాడు. కళ్ళజోడు, పల్చటి మీసం. మా భాషే మాట్లాడతాడు. "పొగతో ఇబ్బంది అని రాశారు. దానికి ఆధారం ఏమన్నా ఉందా? ఫోటోలు, ఆసుపత్రి కాగితాలు?" అని అడిగాడు.

రాణమ్మ పెదవులు కదిలాయో లేదో.

"ఆధారమట. ఈ కళ్ళజోడు పిల్లాణ్ణి ఒక్కపూట మన మూకుడు ముందు కూర్చోబెట్టండి. ముక్కులోంచి కారేదే ఆధారం."

బాఫో కర్ర నేలకు తాటించాడు. "నానా సెలవిస్తున్నారు. ఆకాశంలో పిట్టకు పొయ్యి సెగ తెలియదు. అక్రా పెద్దలు తీరిక చేసుకుని మా ముంగిట అడుగుపెడితే, మేం చెప్పలేని మాటలు వాటంతటవే బోధపడతాయి."

"బాగా చెప్పారు" అని ఆడవాళ్ళు తలలూపారు. నేను ఫోను వైపు చూశాను. అంపెంగారి కనుబొమలు కళ్ళజోడు దాటి పైకెక్కి ఉన్నాయి. ఆయనకు ఏ మాటలు చేరాయో నాకు అర్థమైంది.

పొకువా బట్ట పట్టి లాగాను. "వెళ్ళి ఆ మైకు తీసెయ్."

"సభ మధ్యలో నానా ఒంటి మీద చెయ్యి వేస్తారా ఎవరైనా? నువ్వు తియ్యి."

నేనూ తియ్యలేదు. అంతలో రాణమ్మ మళ్ళీ అంది. "అలా చూస్తాడేం, మెడ విరిచిన కోడిలా? నిద్రొస్తోందా?"

అంపెంగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"నానా తమరి క్షేమం అడుగుతున్నారు" అన్నాడు బాఫో.

"నిద్ర రావట్లేదని నానాకు మనవి చెయ్యండి" అన్నాడు అంపెంగారు.

బాఫో ఒక్క క్షణం తడబడి, రాణమ్మ వైపు తిరిగి, "కులాసాగా ఉన్నారట నానా" అన్నాడు. అక్కడితో నెట్‌వర్కు పోయింది.

ఆ సాయంత్రం ఫోనుకు మెసేజి వచ్చింది. కళ్ళు తుడుచుకుని, వాకిట్లో వెలుగుకు పట్టి, కూడబలుక్కుని చదివాను. "నానా మాటలు స్పష్టంగా వినిపించాయి. ఇంకెవరివీ వినిపించలేదు. గురువారం నేనే వచ్చి మూకుడు ముందు కూర్చుంటాను. పొయ్యిల సంగతి ఆ తర్వాత చూద్దాం."

ఆ తర్వాతట. మూడు మీటింగులు, ఊరంతా నవ్వులు, డబ్బా అడుగు దాకా ఊడ్చి కొన్న మైకు, ఇంతా చేస్తే ఆ తర్వాత. ఫోను రోట్లో వేసి దంచాలనిపించింది. బాఫోకు చదివి వినిపించాను. ఆయన రాణమ్మ దగ్గరకెళ్ళి, "నానా పలుకులకు మురిసి, అక్రా నుంచి అంపెంగారు దర్శనానికి వస్తున్నారు" అన్నాడు.

"ఏ పలుకులకు?" అంది రాణమ్మ.

బాఫో నా వైపు చూశాడు. నేను మైకు వైరు చుట్టుకుంటూ బయటికి వచ్చేశాను.

పాకలోకి వెళ్ళి ఎండుకట్టెలన్నీ వెనక గోడవారకు మార్చాను. వానకు నానినవి తెచ్చి పొయ్యి పక్కన పేర్చాను. గురువారం నా కళ్ళు కూడా మండుతాయి. ఆ ఒక్కరోజుకు మండనీ.