బొమ్మ కిందింటిది, మాట పైయింటిది

వీధంతా టీవీ డాక్టరని పిలిచే మనిషి. అలాంటివాడి ఇంట్లో టీవీకే మాట రాదంటే ఎవరు నమ్ముతారు? పై వాటా టైలరమ్మ నమ్మింది.

డాక్టరుగారి టీవీని ఆయన అక్క పరాయి దేశం నుంచి పంపింది. గాల్లో బొమ్మ సిగ్నలుకీ మాట సిగ్నలుకీ మధ్య అక్కడి స్టేషన్లు ఉంచే దూరం వేరు, ఇక్కడివి ఉంచే దూరం వేరు. అందుకని బొమ్మ నిక్షేపంగా వచ్చేది, మాట దగ్గర మాత్రం వట్టి బుస్సు. టైలరమ్మ టీవీది దీనికి తిరగబడ్డ రోగం: పిక్చర్ ట్యూబు పోయింది, గొంతు మాత్రం ఖంగుమంటుంది.

"మీదానికి వైద్యం లేదాండీ?" అని మొదటిరోజే అడిగింది ఆవిడ.

"దేశం మారిన సెట్టమ్మా. నా వల్ల కాదు," అన్నాడు.

పచ్చి అబద్ధం! చిన్న ఫిల్టరొకటి మార్చి, కాయిల్ కాస్త తిప్పితే పది నిమిషాల పని. తనేమో పెళ్లీ పెటాకులూ లేని మనిషి; రిపేరు షాపు మూసేసిన ఆరేళ్లలో ఆ గుమ్మం తొక్కిన మొదటి మనిషి ఆవిడ. నోటికి అదే వచ్చింది. ఆవిడ తన టీవీ తెచ్చి దీని పక్కనే పెట్టింది. ఏడాదిగా రోజూ సాయంత్రం ఏడింటికి దిగొచ్చి, దీంట్లో బొమ్మ చూస్తూ దాంట్లో మాట వింటూ, వార్తలు చదివేవాడి కోటు కుట్టు బాలేదని తిట్టిపోసేది. ఆయనకి ఆ గంట కోసమే తెల్లవారేది.

ఒక ఆదివారం ఆవిడ నవ్వుతూ వచ్చింది. వెనకాల టూల్ బ్యాగుతో డాక్టరుగారి పాత శిష్యుడు.

"మీకు చెప్పకుండా పిలిపించాను. సంతోషిస్తారని," అంది.

"ఇప్పుడెందుకమ్మా ఇదంతా!" అని డాక్టరుగారు అడ్డం వచ్చాడు.

శిష్యుడు వెనక మూత విప్పి పకపకా నవ్వాడు. "ఏంటి గురువుగారూ, పరాచికాలా? పది నిమిషాల పని. నాకు నేర్పిందే మీరు!"

అన్నట్టే పది నిమిషాల్లో టీవీ గొంతెత్తింది.

"మీకిది ముందే తెలుసా?" అంది టైలరమ్మ డాక్టరుగారి వైపు తిరిగి.

"తెలుసు. బాగుచేస్తే మీరు రారని భయమేసింది."

"అడిగితే ఊరికే వచ్చేదాన్ని కదండీ! నా టీవీ మీ దగ్గర పెట్టి, ఏడాదిగా నా గదిలో చప్పుడన్నది లేదు. మిషను ఆగితే నా ఊపిరే నాకు వినపడేది."

శిష్యుడి చేత తన టీవీ మోయించుకుని వెళ్లిపోయింది.

మూడు రోజులు ఏడింటికి టీవీ వాగుతూనే ఉంది. ఒక్క ముక్క ఆయన చెవికెక్కలేదు. నాలుగో రోజు సిగ్గు చంపుకుని మెట్లెక్కి తలుపు తట్టాడు.

"ఎవరూ?"

"నేనేనమ్మా. పనేం లేదు. ఊరికే వచ్చాను."

లోపల కుట్టుమిషను ఆగింది. గడియ తీసిన చప్పుడు మాత్రం రాలేదు. ఆయన వెళ్లిపోలేదు, మెట్టు మీద కూర్చున్నాడు.