గుమ్మడికాయ కొట్టని షూటింగు

పొద్దు పొడవకముందే కొత్తరేవుపేట ఆడవాళ్ళు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని సెట్టు దగ్గర వరసలో నిలబడతారు. రేషను దుకాణం ముందు నిలబడినట్టే నిలబడతారు గానీ తోసుకోరు, ఎందుకంటే ఇక్కడ తోసుకుంటే చస్తారు. ముందున్న మనిషి కొంగు బిగిస్తుంది. ఊగే గొడ్డళ్ళ కింద నుంచి వంగి పోతుంది. ముళ్ళ దుంగ దొర్లి వచ్చేలోపు పక్కకి దూకుతుంది, ఇసకలోంచి ఈటెలు లేచేచోట కాలు ఎత్తెత్తి వేస్తుంది, సింహం నోట్లోంచి మంట ఎగదన్నే ముందు తల తిప్పుకుంటుంది. అవతల తారురోడ్డు ఎక్కి ఆటోలో కూలబడుతుంది. అప్పుడు వెనకావిడ బయల్దేరుతుంది. ఎవరైనా ఒక్కొక్కరే వెళ్ళాలి.

ధనలక్ష్మికి దీని భయం పోయి చాలా కాలమైంది. విసుగు మాత్రం మిగిలింది. గొడ్డలి చెవి పక్క నుంచి పోతున్నప్పుడు కూడా ఆమె ఆలోచించేది గంపలో కవ్వళ్ళు ఎండెక్కేలోపు అమ్ముడవుతాయా అని, మోకాలు ఇవాళైనా మాట వింటుందా అని. దినదినగండం నూరేళ్ళాయుష్షు అంటారు. ఆ మాట మొదట అన్నవాడు ఈ దారినే పోయి ఉంటాడని ఆమె అనుమానం.

ఆ సెట్టు సినిమావాళ్ళు వేసింది. ఏదో జానపద సినిమా. రాజకుమారుడు మణి కోసం మృత్యుద్వారాలు దాటాలట. సముద్రానికీ ఉప్పుగెడ్డకీ మధ్య ఊళ్ళోకి ఉన్న ఒకే ఒక్క ఇసకదారి వాళ్ళ కెమెరాకి నచ్చింది. హైదరాబాదు నుంచి లారీల్లో ప్లైవుడ్డు, థర్మాకోలు, వెండిరంగు డబ్బాలు దిగాయి. ఊరి మగాళ్ళని సైనికుల వేషాలకి తీసుకున్నారు. హీరో పక్కన పరిగెత్తి చావడం వాళ్ళ పని. ధనలక్ష్మి మొగుడు పోతురాజు అందరికన్నా బాగా చచ్చేవాడు. మొదటి గొడ్డలికే పడిపోయి, కాళ్ళు టపటపా తన్నుకుని, కళ్ళు తెరిచే ఉంచేవాడు. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు, కూరలో ఉప్పెక్కువైనప్పుడల్లా పోతురాజు కంచం ముందు అలాగే చచ్చి చూపించేవాడు.

అంతలో నిర్మాత చేతులెత్తేశాడు. ఒక పొద్దున కంపెనీ చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయింది. మొదలుపెట్టేటప్పుడు కొబ్బరికాయ కొట్టారు గానీ, ముగించేటప్పుడు కొట్టవలసిన గుమ్మడికాయ కొట్టలేదు. గుమ్మడికాయ కొట్టకపోతే షూటింగు అయిపోనట్టే. అయిపోని షూటింగు ఆగదు. మర్నాటి నుంచి థర్మాకోలు గొడ్డళ్ళు వాటంతట అవే ఊగడం మొదలుపెట్టి ఒక మేకని నడిమికి కోసేశాయి. ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోలేదు. "కాయ కొట్టనేదు మరి" అనుకున్నారు. పెద్దమనిషి జగన్నాధం తన పెరటి పాదు నుంచి గుమ్మడికాయ కోసుకొచ్చి, కర్పూరం వెలిగించి, శాస్త్రప్రకారం కొట్టి చూశాడు. గొడ్డళ్ళు ఊగుతూనే ఉన్నాయి. అది ఊరి కాయ, కంపెనీ కాయ కాదు. ముక్కలు ఆవులు తిన్నాయి.

ఒక్కొక్కరే పోవాలన్న సంగతి రాముడు చచ్చాక తెలిసింది. రాముడూ సూరయ్యా వరసకి బావాబావమరుదులు, ప్రాణస్నేహితులు. "నా ఎనకాలే రా బావా, ఏటీ అవదు" అని సూరయ్య ముందు నడిచాడు. గొడ్డలి సూరయ్యకి వెంట్రుకవాసిలో తప్పింది. వెనకున్న రాముడికి తప్పలేదు. ఆ తర్వాత రెవెన్యూ ఆఫీసరు టేపు పట్టుకుని కొలతలకి వచ్చాడు. ఆయన చొక్కా ఇస్త్రీ కూడా నలగలేదు, గొడుగు పట్టుకుని వెంట నడిచిన బంట్రోతుకి మాత్రం చెయ్యి విరిగింది. ఆయన ఇది ప్రైవేటు ఆస్తి అని తేల్చి, ఇంక మళ్ళీ రాలేదు.

అప్పుడు ఊరికి సినిమా లెక్క అర్థమైంది. హీరోకి ఏదీ తగలదు, పక్కవాడికి తగులుతుంది. ఒక్కడే వెళితే వాడే హీరో. కాకపోతే పరిగెత్తాలి, పరిగెత్తని హీరోని ఏ సినిమా ఒప్పుకోదు. ఇద్దరు వెళితే అందులో ఒకడు పక్కవాడు. చంకలో పిల్లల్ని మాత్రం సెట్టు ఏమీ అనేది కాదు, చంటిపిల్లని చంపే సినిమా ఎవడు చూస్తాడు! ఆ రోజు నుంచి తల్లీకూతుళ్ళు, అన్నదమ్ములు, మొగుడూపెళ్ళాలు ఎవరి దారి వాళ్ళు నడిచారు. పెళ్ళికొడుకు ముందు దాటి అవతల నిలబడితే, పెళ్ళికూతురు తర్వాత ఒంటరిగా దాటి వచ్చేది. శవాలకి ఇబ్బంది లేదు, శ్మశానం ఊరివైపే ఉంది.

ఇలా ఏళ్ళు గడిచాయి. మనిషి దేనికైనా అలవాటుపడతాడు. అలవాటుపడి అలిసిపోతాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా పోతురాజుకి కిడ్నీలు పోయాయి. ఆ తీరంలో చాలామందికి పోతున్నాయి. నీళ్ళంటారు, ఎండంటారు, ఏదీ తేల్చి చెప్పినవాళ్ళు లేరు. వారానికి మూడుసార్లు పట్నం ఆసుపత్రికి వెళ్ళి మిషను మీద రక్తం కడిగించుకోవాలి. కాళ్ళలో సత్తువ ఉన్నంతకాలం తనే దాటాడు. ఈడ్చుకుంటూ, రొప్పుతూ, ఎలాగో పరుగులాంటిది తీసి దాటాడు. ఆషాఢం వచ్చేసరికి కాళ్ళు స్తంభాల్లా వాచిపోయాయి. సోమవారం లేవలేకపోయాడు. తెప్ప మీద పొరుగు రేవుకి తీసుకుపోదామంటే అలలు తాడెత్తున లేస్తున్నాయి. గెడ్డలో దిగితే బురద మనిషిని మింగేస్తుంది. మంగళవారం ధనలక్ష్మి ఫోను చేస్తే ఆసుపత్రి నర్సమ్మ ఒకటే చెప్పింది. "బుధవారం కూడా తప్పితే ఇంక తీసుకురావక్కర్లేదమ్మా."

ధనలక్ష్మి ఫోను కొంగున కట్టుకుని కాసేపు గుమ్మంలో కూర్చుంది. ఏడుద్దామనుకుంది గానీ ఏడవడానికి కూడా ఓపిక ఉండాలి. లేచి అత్త దేముడమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అత్తా, రేపు నాను మోసుకెల్తాను."

దేముడమ్మ వల అల్లుతున్న చెయ్యి ఆపింది. "ఇద్దరెల్తే ఒకలే వొస్తారే."

"తెలుసు."

"ఎవులు రావాలని అడిగితే నాను సెప్పనేనే తల్లీ. ఆడు నా కొడుకు. నువ్వేమో..." అని ఆ ముసలామె మాట పూర్తి చెయ్యలేక మళ్ళీ వల అందుకుంది. ఆ పూట ఆమె వేసిన ముడులన్నీ వంకరగా పడ్డాయి.

సాయంత్రానికి ఊరంతా తెలిసింది. రచ్చబండ దగ్గర మగాళ్ళు వాదించుకున్నారు. మోసేవాడే హీరో, కాబట్టి పోతురాజు పోతాడన్నాడు జగన్నాధం. "కాదు మావా, మోసేటోడు ఫ్రెండు. ఫ్రెండు సచ్చేకే ఇంటర్వెల్ పడతాది" అన్నాడు ఇంకొకడు. సూరయ్య మాత్రం మధ్యలోనే లేచి వెళ్ళిపోయాడు. రాముడు పోయినప్పటి నుంచి అతను ఎవరి ముందూ నడవడు, ఎవరినీ వెంట రమ్మనడు.

బుధవారం ధనలక్ష్మి గంప ఇంట్లోనే వదిలేసింది. దేముడమ్మ ఒక పాత వలముక్క తెచ్చి, కొడుకుని కోడలి వీపుకి చేర్చి, ముందువైపు ముడివేసింది. ముడి వేస్తున్నంతసేపూ ఇద్దరి మొహాలూ చూడలేదు. పోతురాజు ఒకప్పుడు పడవని ఒంటిచేత్తో ఇసక మీదకి లాగిన మనిషి. ఇప్పుడు వాపు తప్ప బరువేమీ లేదు.

సెట్టు దగ్గర వరసలో ఉన్న ఆడవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. ఎవరికి జాగ్రత్త చెప్పాలో తెలియక లక్ష్మణమ్మ గంప దించి రెండు చేతులూ జోడించింది.

ధనలక్ష్మి అడుగు లోపలికి వేసింది. పరిగెత్తే ఆలోచన ఆమెకి లేదు, మోకాలికీ లేదు. మొదటి గొడ్డలి కిర్రుమంటూ వెనక్కి పోయింది.

"దించీయే" అన్నాడు పోతురాజు చెవి దగ్గర. "నాను ఇక్కడ పడిపోతాను. నువ్వు ఎల్లిపో. ఇది నాకు అలవాటే గదా, ఎన్ని టేకులు సచ్చేనో నీకు తెల్దా?"

"నోరు ముయ్ మావా. ఆటో ఎల్లిపోతాది."

"నువ్వు హీరోవే. నాను పక్కోడినే. సెప్పీ దానికి."

"నానేటి హీరోని? సేపలమ్ముకునేదాన్ని. నువ్వే హీరోవి. ఉసారుగా తలెత్తి కూకో."

అప్పటికి ఆమెకి అర్థమైంది, అతని వేళ్ళు ముందుకొచ్చి ముడి విప్పుతున్నాయని. పుట్టినప్పటి నుంచి వలలతో బతికినవాడు, అతనికి విప్పలేని ముడి లేదు. ఆమె ఒక చేత్తో ఆ వేళ్ళు పట్టుకుంది. అతని చేతిలో సత్తువ లేదు, కానీ ముడిని వదలడం లేదు. జీవితంలో మొదటిసారి అతని మీద ఆమెకి ఒళ్ళు మండిపోయింది.

"సావాలని అంత సరదా ఏటి నీకు? సచ్చి సూపించి సూపించి నన్ను సంపేసినావు. ఇక్కడ దించీసి నాను ఇంటికెల్లి ఏటి సెయ్యాల? ఎవులికి ఉప్పు తక్కువెయ్యాల?"

"మరి నువ్వు పోతే నానేటి సెయ్యాల? మిషను మీద ఎవులు కూకోబెడతారు నన్ను?"

"అయితే నువ్వే హీరోవి, మూసుకో."

"కాదు, నువ్వే."

"నువ్వే!"

గొడ్డలి వచ్చింది. వచ్చి, ఇద్దరి తలలకి జానెడు ఎత్తున ఆగింది.

అది తగలడానికి పక్కవాడు కావాలి, తప్పిపోవడానికి హీరో కావాలి. హీరో వేషానికి ఇద్దరిలో ఒక్కరూ ఒప్పుకోవడం లేదు. ఏళ్ళ తరబడి పనిచేస్తున్న గొడ్డలికి ఏం చెయ్యాలో తోచలేదు. టిక్కెట్టు లేని మనిషిని దించాలో ఉంచాలో తెలియని కండక్టరులా అది గాల్లో నిలబడిపోయింది. అవతల ముళ్ళ దుంగ సగం దొర్లి ఆగింది. సింహం నోరు తెరిచింది గానీ మంట రాలేదు.

ధనలక్ష్మి తలెత్తి గొడ్డలిని చూసింది. వెండిరంగు పెచ్చులూడి, లోపల థర్మాకోలు గుండ్లు కనిపిస్తున్నాయి.

"కొడితే కొట్టు. నేకపోతే తప్పుకో" అంది. "నాకు ఓపిక నేదు."

గొడ్డలి తప్పుకుంది.

ఆమె పరిగెత్తలేదు. ఇసకలో ఈటెలు లేచేచోట కూడా మామూలుగానే అడుగులు వేసింది. వీపు మీద పోతురాజు ఇంకా "నువ్వే, నువ్వే" అని గొణుగుతున్నాడు. తారురోడ్డు మీద ఆటో డ్రైవరు హారను కొట్టి, "ఏటమ్మా ఇంత లేటు, ఎక్కండి" అన్నాడు.

ఇవతల, వరస వెనక నిలబడి చూస్తున్న సూరయ్య ఇసకలో చతికిలబడి, అందరూ చూస్తుండగానే భోరుమన్నాడు. "నా ఎనకాలే రమ్మన్నానురా బావా, ఎనకాలే రమ్మన్నాను" అని నేలని చరిచాడు. లక్ష్మణమ్మ వెళ్ళి పక్కన కూర్చుంది.

ఆ రోజు పోతురాజుని వేళకే మిషను మీదకి చేర్చారు. సాయంత్రానికి వాపు తీసింది. తిరిగి వచ్చేటప్పుడూ ఇద్దరూ అలాగే పోట్లాడుకుంటూ దాటారు. మర్నాడు లక్ష్మణమ్మ తన కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి అడుగేసింది. ఆ పిల్ల పెద్దదయ్యాక తల్లి పక్కన ఆ దారిలో నడవడం అదే మొదలు. "నువ్వు హీరోవి", "కాదమ్మా, నువ్వే" అని తల్లీకూతుళ్ళు అవతలి దాకా కీచులాడుకున్నారు. పోట్లాడటం కొత్తరేవుపేటకి ఎవరూ నేర్పక్కర్లేదు.

పోతురాజు ఈ చలికాలం దాటడని ఆసుపత్రిలో అన్నారు. దాటాడు. ఆ తర్వాతి వేసవి కూడా దాటాడు. వారానికి మూడుసార్లు ధనలక్ష్మి అతన్ని మోసుకుపోతూనే ఉంది, అలిసిపోతూనే ఉంది. ఆ అలుపు తీరేది కాదని ఆమెకి తెలుసు. తీరిన రోజు అతను ఉండడు కాబట్టి తీరాలని కోరుకోవడమూ మానేసింది.

ఆ వేసవిలోనే, ఎండ మాడుస్తున్న ఒక మధ్యాహ్నం, తిరిగి వస్తూ ఊరివైపు మొదటి గొడ్డలి కిందకి రాగానే ఆమె ఆగిపోయింది. అక్కడే అతన్ని ఇసక మీదకి దించి, తనూ కూలబడింది. గొడ్డలి వాళ్ళ నెత్తి మీదకి వచ్చి ఆగింది. ఆ చుట్టుపక్కల చెట్టు లేదు, పుట్ట లేదు. గొడ్డలి నీడ ఇద్దరికీ సరిపోయింది.

"ఎల్దామా?" అన్నాడు పోతురాజు.

"కూకో."

అతను సముద్రం వైపు చూశాడు. తర్వాత మెల్లగా జరిగి, ఆమె కాలు తన ఒళ్ళోకి లాక్కుని, మోకాలు నొక్కడం మొదలుపెట్టాడు.